సిలిండరు మీద అరచెయ్యి

టీ వడపోశాక గ్లాసును ఒక్క క్షణం ఎడమ చెంపకు ఆనించుకోవడం రెబ్కా అలవాటు. అరచేత్తో చూడదు. కుడి చెంపకు ఆనించదు. ఎడమ చెంపకే ఆనించి, ఆ తరువాత వసారాలో మంచం మీద కూర్చున్న మొగుడి ముందుకు తీసుకెళుతుంది. ప్రకాష్ వెంటనే అందుకోడు. చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారేమో చూసి, గొంతు కాస్త పెంచి అడుగుతాడు.

"వేడా, చల్లదా?"

"వేడి," అంటుంది రెబ్కా.

"బాగా చూసి చెప్పు. నీ మాట నమ్మి ఒకసారి కాల్చుకున్నాను."

పక్కన మనుషులుంటే నవ్వుతారు. లేకపోతే ప్రకాష్ తనే నవ్వుకుని గ్లాసు తీసుకుంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఏమిటి సంగతని అడిగితే ఆ పొద్దు అతనికి పండుగ. టీ చల్లారిపోయేదాకా చెబుతాడు. చెప్పేటప్పుడు కొన్ని సంగతులు వదిలేస్తాడు. అతను వదిలేసేవి కూడా కలుపుకుంటే కథ ఇలా ఉంటుంది.

నల్లపాడు స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో, చర్చి వెనక వరసలో వాళ్ళ రేకుల ఇల్లు. రెబ్కాకు నలభై దాటాయి. బడి మానేసిన ఏడాది నుంచి ఆమె చేతుల్లో మిరపకాయలే. చేలో కోత, కల్లంలో ఏరుడు, కోల్డు స్టోరేజీ వాకిట్లో తొడిమలు తుంచడం, మధ్యలో ఒక రెండేళ్ళు తప్ప, ఏడాదిలో ఏ నెలైనా వీటిలో ఏదో ఒకటి.

మొదటిసారి కోతకు వెళ్ళింది సుబ్బరావమ్మ గారి చేలోకి. ఊళ్ళో పెద్ద కమతం వాళ్ళదే. కొత్తగా కోతకు వెళ్ళిన పిల్లలకు సాయంత్రానికి చేతులు అంటుకున్నట్టు మండుతాయి. నీళ్ళు పోస్తే తగ్గదు, మజ్జిగ రాసుకుంటే కాస్త నిమ్మళిస్తుంది. గట్టు మీద సుబ్బరావమ్మ కుండలోంచి మజ్జిగ పోస్తుంటే, రెబ్కా వెళ్ళి రెండు చేతులూ చాపింది.

"దాహమా?" అంది సుబ్బరావమ్మ.

"చేతులు మండుతున్నాయమ్మగారూ. కాస్త రాసుకుంటాను."

"మజ్జిగ తాగడానికే, చేతులు కడుక్కోడానిక్కాదు. మండితే ఊదుకో."

కూలీలంతా నవ్వారు. వాళ్ళలో రెబ్కా తల్లి కూడా ఉంది. ఆ కోతలు అయ్యేదాకా రెబ్కా కనబడితే చాలు, ఎవరో ఒకరు "ఊదుకున్నావా?" అని పలకరించేవారు.

ప్రకాష్ కూడా చర్చి వెనక వరసలో పుట్టినవాడే. కుర్రతనంలో చెన్నై వెళ్ళి రేసు కార్లు తయారు చేసే ఒక షెడ్డులో చేరాడు. ఊడ్చే పనితో మొదలుపెట్టి, బోల్టులు బిగించడం దాకా వచ్చి, ఇంజను విప్పి మళ్ళీ కట్టగలిగే స్థితికి చేరాడు. నోటి దురుసు వల్ల ఆ పని పోయింది. అక్కడ వెనకేసుకున్నదంతా పెట్టి పాత ట్రాక్టరు ఒకటి కొనుక్కుని ఊరికి తిరిగొచ్చాడు. చర్చి వెనక వరసలో సొంత ట్రాక్టరు నిలిచిన వాకిలి అదొక్కటే. అప్పటిదాకా ఊళ్ళో దుక్కులన్నీ సుబ్బరావమ్మ ఇంటి ట్రాక్టరువే. ప్రకాష్ వచ్చాక చిన్న రైతులు అతన్ని పిలవడం మొదలుపెట్టారు. రెబ్కా కూలి మానేసింది. ఆదివారం చర్చికి కొత్త చీర కట్టుకుని ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని వెళ్ళేది. రెండు వందల అడుగుల దూరానికి ట్రాక్టరెందుకని ఆడవాళ్ళు మూతి తిప్పేవాళ్ళు. రెబ్కా దిగేది కాదు.

రెండేళ్ళు అలా నడిచింది. తరువాత సుబ్బరావమ్మ కొడుకు ప్రేమ్‌చంద్ పెద్ద బలమున్న కొత్త ట్రాక్టరు తెచ్చాడు. సుబ్బరావమ్మ ఎక్కడ కూర్చుంటే అక్కడ ఒకే మాట అనేది.

"ప్రకాషు ఇంజను దున్నదర్రా, దగ్గుతుంది. వాడి నాగలి మన నల్లరేగడిలో జానెడు కూడా దిగదు. మీ ఇష్టం మరి."

ఆమెతో పనులున్న రైతులు ముందు మానేశారు, మిగిలినవాళ్ళు వాళ్ళను చూసి మానేశారు. రెబ్కా మళ్ళీ కోల్డు స్టోరేజీలో తొడిమల పనికి వెళ్ళసాగింది. రోహిణి ఎండలు తగ్గి తొలకరి పడగానే పత్తికి దుక్కులు మొదలవుతాయి. ఆ దుక్కులకు కూడా పిలుపులు రాకపోతే ట్రాక్టరును అమ్ముకోవడమే. ఆ సంగతి మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు.

అప్పుడే అంకమ్మ కొలుపుల పండక్కి ఊరి పెద్దలు ఎడ్ల బండలాగుడుతో పాటు ట్రాక్టర్ల పోటీ కూడా పెట్టారు. రెండు ట్రాక్టర్లను వీపు వీపు కలిపి గొలుసుతో కడతారు. మధ్యలో సున్నం గీత. ఎవరి బండి రెండోదాన్ని గీత దాటించి ఈడ్చుకెళితే వాళ్ళది గెలుపు. ప్రేమ్‌చంద్ పేరిచ్చాడు. మర్నాడు ప్రకాష్ ఇచ్చాడు. ఊరందరి ముందూ ఆ కొత్త బండిని ఈడిస్తే, దగ్గే ఇంజను ఎవరిదో రైతులే చూస్తారని అతని లెక్క.

"నీ బండి బలమెంత, దాని బలమెంత?" అంది రెబ్కా.

"గ్యాసు పెడతాను," అన్నాడు ప్రకాష్.

చెన్నై షెడ్డులోని పాత స్నేహితుడు లారీలో నీలం రంగు సిలిండరు పంపాడు. అందులో ఉన్నది ఆసుపత్రిలో పన్ను పీకేముందు పీల్పించే నవ్వుల గ్యాసు లాంటిదే. ఇంజను పీల్చే గాలిలో దీన్ని కలిపితే లోపల మంట బలిసి, డీజిలు ఎక్కువ మండి, బండికి బలం పెరుగుతుంది. ప్రకాష్‌కు ఈ పని తెలుసు. తెలుసు కాబట్టి భయం కూడా ఉండేది. ఆ రోజుల్లో రాత్రి అన్నం దగ్గర రెబ్కాకు పాఠం చెప్పినట్టు చెప్పేవాడు.

"లోపలున్నవన్నీ కంపెనీ సామాన్లే. కంపెనీవాడు దున్నడానికి చేశాడు, పందెం కోసం కాదు. అందుకని దురాశ పనికిరాదు. ఉన్న బలానికి పావు వంతు కలుపుదాం, అంతే. మించి అడిగావా, రాడ్డు ఇంజను గోడ పగలగొట్టుకుని బయటికొచ్చి దండం పెడుతుంది."

"ఎప్పుడు వదులుతావు?"

"బండి మొదట సొంతంగా లాగాలి. ఇంజను పూర్తి వేగం అందుకుని, గొలుసు బిగిశాక వదలాలి. నిదానంగా తిరుగుతున్నప్పుడు వదిలితే లోపలే విరుగుతుంది. వదిలినా ఊపిరి బిగబట్టినంత సేపే. కట్టేసి మళ్ళీ తీసుకోవాలి."

"ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?"

"సైలెన్సరు చెబుతుంది. పొగ పలచబడాలి గానీ పోకూడదు. కాస్త నల్లగా వస్తోందంటే డీజిలు ఇంకా మిగులుతోందని, గ్యాసు హద్దులో ఉందని. పొగే కనపడలేదా, అదే క్షణం కట్టెయ్యాలి. గెలుస్తున్నా కట్టెయ్యాలి."

ఈ చివరి మాట రెబ్కా గుర్తుపెట్టుకుంది.

సిలిండరుతోనే వచ్చింది చిక్కు. అందులో గ్యాసు ఒత్తిడికి నీళ్ళలా మారి ఉంటుంది. చల్లగా ఉంటే ఒత్తిడి తక్కువ, వేడెక్కితే ఎక్కువ. ఒకే బెజ్జంలోంచి చల్లటి సిలిండరు చెంబుడు వదిలితే వేడిది చెంబున్నర వదులుతుంది. వాళ్ళదేమో రేకుల ఇల్లు. మే నెలలో మధ్యాహ్నం గోడకు వీపు ఆనించలేరు. ప్రకాష్ సిలిండరును మంచం కింద పెట్టి, తడిగుడ్డ కప్పి, గంటకోసారి లేచి చూసేవాడు.

"మా కోల్డు స్టోరేజీలో పెడదాం," అంది రెబ్కా. "మిరపకాయ ఏడాది రంగు పోకుండా ఉంటుంది. నీ గ్యాసుకేం?"

ప్రకాష్ తడిగుడ్డ తీసి పక్కన పెట్టాడు. "బుర్ర ఉందే నీకు," అన్నాడు. పెళ్ళయ్యాక అతను ఆమెను మెచ్చుకున్న ఒకే మాట అది.

కోల్డు స్టోరేజీలో మిషన్లు చూసే మాలిక్ మంచివాడు. సిలిండరును చూసి వెనక్కి జరిగాడు.

"అక్కా, ఇది పేలదు కదా?"

"పేలితే ఏముంది, లోపలున్నవి మిరపకాయలేగా. గుంటూరంతా తుమ్ముతుంది."

మాలిక్ నవ్వి, రెండో గదిలో తలుపు పక్కన బస్తాల సందున చోటు చూపించాడు. మూడో రోజు పై వరసలో సరిగ్గా పేర్చని బస్తా ఒకటి జారి సిలిండరు మీద పడింది. ఒత్తిడి చూపించే మీటరు అద్దం పగిలి ముల్లు వంగిపోయింది. రెబ్కా భయపడుతూనే చెప్పింది. ప్రకాష్ తిట్టలేదు. పందెం దగ్గర పడింది, కొత్త మీటరు చెన్నై నుంచి రావాలి.

"పోతే పోయిందిలే. చెయ్యి లేదూ? పిల్లలకి జ్వరం వస్తే మీటరు పెట్టే చూస్తున్నామా?" అన్నాడు.

తెల్లవారుజామున మాలిక్ ఆటోలో సిలిండరు తెచ్చేవాడు. చర్చి వెనక, పత్తి పీకేసిన బీడులో ట్రాక్టరుకు రోడ్డు రోలరు రాయి కట్టి లాగించి చూసేవారు. గది లోంచి అప్పుడే వచ్చిన సిలిండరు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉండేది. గ్యాసు సన్నగా వచ్చేది. పొగ నల్లగానే ఉండేది, బలం చాలేది కాదు. ప్రకాష్ గ్యాసు వచ్చే గొట్టం బెజ్జం కొద్దిగా పెద్దది చేశాడు. మర్నాడు మరికాస్త. ఆ తరువాతి రోజు ట్రాక్టరు ముందు చక్రాలు ఒక్కసారి లేచి దిగాయి. పొగ పలచగా, బూడిద రంగులో వచ్చింది. ప్రకాష్ సీటు మీద నిలబడి ఈల వేశాడు.

అన్నీ కుదిరాయి, చల్లటి సిలిండరుకు. ఇంతే చల్లగా ఉంటేనే ఆ బెజ్జం పనికొస్తుందని ప్రకాష్‌కు తెలుసు. అందుకే పందెం రోజు పద్ధతి కూడా అతనే చెప్పాడు. సిలిండరును ఐసు గడ్డలు వేసిన గోనెపట్టాలో చుట్టి చివరి నిమిషంలో తేవాలి. బండి కదిలే ముందు రెబ్కా దాని మీద అరచెయ్యి వేసి చూడాలి. చల్లగా ఉంటే గీత దగ్గర నిలబడి కొంగు ఊపాలి. వేడిగా ఉంటే ఊపకూడదు. ఊపకపోతే గ్యాసు లేకుండానే లాగుతాడు. ఓడిపోతే ఓడిపోతాడు, బండి ఇంటికొస్తుంది.

ఆ రోజు రెబ్కాకు సెలవు దొరకలేదు. ఎగుమతికి వెళ్ళే సరుకు, తొడిమలు తీసి మధ్యాహ్నానికల్లా ఎత్తాలి. కాయ తేజ రకం. గాలికి ముక్కు మండే ఘాటు. పన్నెండింటికి లేచేసరికి ఆమె అరచేతులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మాలిక్ ఆటోలో, ఐసు గోనెలో చుట్టిన సిలిండరును ఒళ్ళో పెట్టుకుని పందెం బరికి వచ్చింది.

వచ్చేసరికి ఎడ్ల పందెం ఇంకా అవలేదు. ముఖ్య అతిథి రాలేదని రెండు జతలను ఆపేశారు. షామియానా నీడ పెద్దలకు. ట్రాక్టర్లు ఎండలో ఉన్నాయి. ప్రకాష్ సిలిండరును మడ్‌గార్డుకు కట్టి పైన గోనె కప్పాడు. ఐసు కరిగి నీళ్ళు కారిపోయాయి. గోనె ఎండింది. మైకు ముందు చైతన్యకృష్ణ ఉన్నాడు, చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏ పందేనికైనా అతనే.

"ప్రకాష్ గారి బండికి గ్యాసు పట్టిందంటండీ! ఎవరి దగ్గరైనా వాము ఉంటే కాస్త నీళ్ళలో కలిపి పోయండి! పెద్దవయసు బండి, పుణ్యముంటుంది!"

జనం విరగబడి నవ్వారు. ఎట్టకేలకు అతిథి వచ్చాడు, మాట్లాడాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. చివరికి ట్రాక్టర్లను గీత దగ్గరికి రమ్మన్నారు. రెబ్కా సిలిండరు మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది.

"ఏంటి?" అన్నాడు ప్రకాష్.

"ఏమో. కాలుతోంది. పొద్దున్నుంచీ చేతులు మండుతున్నాయి, ఏది పట్టుకున్నా నిప్పులాగే ఉంది. ఇందాక సోడా సీసా కూడా కాలింది. నాకు తెలీడం లేదయ్యా."

"ఇప్పుడా చెప్పేది? పో. ఎక్కడైనా చేతులు చల్లార్చుకుని రా. గబగబా రా."

ఎడ్ల తొట్టి దగ్గర నీళ్ళడిగితే, "గొడ్లకే లేవు, అవతలికి పో," అన్నారు. షామియానాలో డ్రమ్ము నిండా మజ్జిగ, అందులో ఐసు గడ్డలు తేలుతున్నాయి. డ్రమ్ము పక్కన కుర్చీలో సుబ్బరావమ్మ. రెబ్కా కాసేపు దూరంగా నిలబడి, తరువాత వెళ్ళి చేతులు చాపింది.

"దాహమా?" అంది సుబ్బరావమ్మ.

"కాదమ్మగారూ. చేతులు..."

సుబ్బరావమ్మ ఆమె అరచేతుల్ని చూసింది. అప్పుడు ఆమె ముఖం మెల్లగా విచ్చుకుంది. పక్కనున్న ఆడవాళ్ళతో, "ఇది చూశారర్రా, చిన్నప్పుడు కూడా ఇట్టాగే వచ్చి నిలబడింది. అప్పుడు పొయ్యలేదని ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుంది. పట్టవే, పట్టు!" అని చెంబు ముంచి పోసింది. ఒకటి కాదు, మూడు చెంబులు. "చాలా? ఇంకా పొయ్యనా? మీ ఆయన ఇంజనుకి కూడా పట్టుకెళతావా?"

మోచేతుల మీదుగా మజ్జిగ కారి చీర తడిసింది. చుట్టూ నవ్వులు. రెబ్కాకు ఆ నవ్వులు దూరంగా వినబడ్డాయి. ముప్ఫై ఏళ్ళ మంట ఒక్కసారి ఆరినట్టు అనిపించింది. అంత హాయి ఆ చేతులు ఎప్పుడూ ఎరగవు.

"ప్రకాష్ గారూ, రెండో పిలుపు! ఎవరి కోసమండీ ఎదురుచూపు? దిగిపోతారా, లాగుతారా?" మైకు అరుస్తోంది.

ఆమె పరుగెత్తుకొచ్చి, తడి ఆరని చేతిని సిలిండరు మీద వేసింది. చల్లగా తగిలింది. ఆ చల్లదనం సిలిండరుదో మజ్జిగదో ఆగి ఆలోచించలేదు. గీత దగ్గరికి వెళ్ళి కొంగు ఊపింది.

గొలుసు బిగిసింది. కొత్త ట్రాక్టరు పాతదాన్ని మొదట మూరెడు, తరువాత బారెడు వెనక్కి ఈడ్చింది. ప్రకాష్ ట్రాక్టరు చక్రాలు మట్టిని తవ్వుతున్నాయి, పొగ నల్లగా మీదికి చిమ్ముతోంది. "లేస్తోంది, లేస్తోంది, ముసలిది మంచం దిగుతోందండీ!" అన్నాడు చైతన్యకృష్ణ. ఇంజను పూర్తి వేగం అందుకుంది. ప్రకాష్ చెయ్యి సిలిండరు మర మీదికి వెళ్ళింది.

ఆ తరువాత జరిగింది అందరూ చూశారు. పాత ట్రాక్టరు ఎవరో వెనకనుంచి తన్నినట్టు ముందుకు దూకింది. కొత్త ట్రాక్టరు చక్రాలు తిరుగుతూనే వెనక్కి జారాయి. ప్రేమ్‌చంద్ మెడ తిప్పి చూశాడు, అతని ముఖంలో రంగు లేదు. కుర్చీలోంచి సుబ్బరావమ్మ లేచి నిలబడింది. చర్చి వెనక వరస వాళ్ళు అరవడం మొదలుపెట్టారు. కొత్త ట్రాక్టరు ముందు చక్రాలు గీతకు నాలుగు బారల దూరంలో ఉన్నాయి. తరువాత మూడు. తరువాత రెండు.

రెబ్కా మాత్రం సైలెన్సరును చూస్తోంది. పొగ లేదు. గొట్టం పైన ఎండలో గాలి వణుకుతోంది, అంతే. ఆవలి వైపు వేపచెట్టు కొమ్మలు స్పష్టంగా కనబడుతున్నాయి.

ప్రకాష్ కూడా తలెత్తి సైలెన్సరు వంక చూశాడు. చూడటం రెబ్కా చూసింది. మర కట్టెయ్యడానికి కావలసినంత సమయం ఉంది. అతను తల దించి గీత వైపు తిరిగాడు. చెయ్యి మర మీదే ఉంది, కట్టలేదు.

చప్పుడు పెద్దగా రాలేదు. ఇనప బిందె రాతి మీద పడినట్టు ఒక్క దెబ్బ. ఇంజను పక్క గోడ పగిలి రాడ్డు బయటికొచ్చింది. వేడి ఆయిలు ప్రకాష్ ఎడమకాలి మీద చిమ్మింది. ట్రాక్టరు బిగుసుకుపోయింది. కొత్త ట్రాక్టరు దాన్ని, సీటు మీద కాలు పట్టుకుని అరుస్తున్న మనిషితో సహా, గీత దాటించి ఇంకా అంత దూరం ఈడ్చుకెళ్ళి ఆగింది. ప్రేమ్‌చంద్‌కు అరుపు వినబడలేదు. వినబడిందని కొందరంటారు.

మైకు దగ్గర చైతన్యకృష్ణ గొంతు సవరించుకున్నాడు.

"నవ్వుల గ్యాసు బండికి పని చెయ్యలేదు గానీ, చూడండి, జనానికి బాగా ఎక్కిందండీ!"

నిజమే. నవ్వనివాళ్ళు తక్కువ.

కాలి పుండు మానేదాకా ప్రకాష్ మంచం మీద ఉన్నాడు. మజ్జిగ సంగతి ఎవరు చెప్పారో, ఒకరోజు రెబ్కాను పిలిచాడు.

"ఆవిడ దగ్గర చేతులు చాపావా?"

"చల్లార్చుకోమన్నావుగా."

"ఆవిడ దగ్గర చల్లార్చుకోమన్నానా?"

కట్టె ఊతంతో నడవగలిగిన మొదటి ఆదివారం ప్రకాష్ చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. మామూలుగా ఎవరైనా లేస్తే జబ్బు నయమైందనో, పిల్లకు సంబంధం కుదిరిందనో చెప్పి దేవుణ్ణి స్తుతిస్తారు. అతను కాలి కట్టు చూపించాడు. ప్రాణం నిలిపినందుకు ప్రభువుకు వందనాలు చెప్పాడు. తరువాత ఆడవాళ్ళు కూర్చునే వైపు వేలెత్తాడు.

"శత్రువు మూడు చెంబుల మజ్జిగ పోస్తే నా భార్య నా ట్రాక్టరును అప్పగించింది. సంఘమా, ఈ స్త్రీ కోసం ప్రార్థన చెయ్యండి."

సంఘం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. పాస్టరు గారు ఆమె చేతుల కోసం పేరుపెట్టి ప్రార్థించారు. రెబ్కా కూడా తల వంచి, చివర్లో అందరితో పాటు ఆమెన్ అంది. బయటికొచ్చాక చెప్పులు వేసుకుంటుంటే ఒకామె పక్కకు వచ్చి, "ఐసు మజ్జిగేనా, మామూలుదా?" అని అడిగింది.

దుక్కులు మొదలయ్యాయి. ట్రాక్టరు వాకిట్లో పగిలిన పక్కను గోడ వైపు తిప్పుకుని నిలబడి ఉంది. ఒకరోజు సుబ్బరావమ్మ స్వయంగా వచ్చింది. లోపలికి రాలేదు, వాకిట్లోనే నిలబడింది.

"ఏరా ప్రకాషూ, కాలు ఆనుతోందా? మా వాడు ఊళ్ళో ఉండటం లేదు. బండి ఖాళీగా పడుంది. ఇంజను లేని బండి కాడ కూర్చుని ఏం చేస్తావు, వచ్చి మాది తోలు."

ప్రకాష్ లోపలున్న పెళ్ళాం వినేటట్టుగా అన్నాడు. "వస్తానమ్మా. మీ మజ్జిగ తాగినవాళ్ళం, రాకేం చేస్తాం."

సుబ్బరావమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగేటంతగా నవ్వింది. పోతూ పోతూ, "దాన్నేం అనకురా, పాపం, మండి వచ్చింది," అంది.

టీ గ్లాసు దగ్గర ఆ ప్రశ్న మొదలైంది అప్పటినుంచే. మొదట్లో రెబ్కా జవాబిచ్చేది కాదు. జవాబిచ్చేదాకా అతను గ్లాసు అందుకునేవాడు కాదు. చేతిలో గ్లాసు కాలుతుండేది. అందుకని చెప్పడం నేర్చుకుంది. అరచేతుల మీద నమ్మకం పోయి చెంపకు ఆనించి చూసుకోవడం కూడా నేర్చుకుంది. ఆ రోజు సిలిండరుకు చెంప ఆనించి ఉంటే తెలిసేది కదా అని ఆమెకు చాలా ఆలస్యంగా తోచింది. అప్పట్లో గ్లాసును కుడి చెంపకే ఆనించేది.

ఒక పొద్దున మాలిక్ ఆటో ఆపి వసారాలో కూర్చున్నాడు. అతని ముందు ప్రకాష్ ఎప్పటిలాగే అడిగాడు. "వేడా, చల్లదా?"

రెబ్కా గ్లాసు ఇవ్వకుండా నిలబడింది. "పొగ ఏ రంగులో ఉందో నువ్వు చెప్పు," అంది.

మాలిక్‌కు అర్థం కాలేదు. ప్రకాష్‌కు అయింది. గ్లాసు ఆమె చేతిలోంచి లాక్కుని ముఖం మీద కొట్టాడు. ఆమె తల తిప్పుకుంది, టీ కుడి చెంప మీద పడింది. మాలిక్ లేచి, "అన్నా, అన్నా," అంటూ చెయ్యి పట్టుకున్నాడు. ప్రకాష్ విదిలించుకుని, "చల్లదనుకున్నాను రా," అన్నాడు.

మాలిక్ ఆటోలోనే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చెంప మానింది గానీ అక్కడ చర్మం నున్నగా బిగిసి, వేడి చల్ల తెలియకుండా పోయింది. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున రెబ్కా టీ వడపోసి గ్లాసు తెచ్చింది. ప్రకాష్ ఆమె ముఖానికున్న కట్టు వైపు చూడకుండా, వీధి వైపు ఒకసారి చూసుకుని అడిగాడు. రెబ్కా చెప్పింది. పొగ మాట మళ్ళీ ఎత్తలేదు. మాలిక్ ఒకసారి కోల్డు స్టోరేజీ దగ్గర, ఆ పొగ సంగతేమిటక్కా అని అడిగితే, ఏదో ఆ పూట నోటికొచ్చిందిలే అంది.

ట్రాక్టరును పాత ఇనప సామాన్ల వాళ్ళు వచ్చి రెండు రోజుల పాటు కోసి పట్టుకుపోయారు. నీలం సిలిండరు మాత్రం ఇంట్లోనే, మంచం కింద ఉంది. అందులో ఇంకా గ్యాసు ఉందని ప్రకాష్ అంటాడు.

అతను ఇప్పుడు సుబ్బరావమ్మ గారి ట్రాక్టరు తోలుతున్నాడు. ఈ ఏడు మిరప కోతలకు రెబ్కా ఆమె చేలోకే వెళుతోంది. పొద్దున్నే ఆరింటికి మిగిలిన కూలీలతో పాటు ఆ ట్రాక్టరు తొట్టిలో ఎక్కుతుంది.